ముందు అనసూయమ్మకు

నొప్పి పుట్టలేదు. అందుకే అనసూయమ్మకు మొదట తెలియలేదు.

క్యారవాన్‌లో మోకాళ్ళ మీద కూర్చొని, నటి లీలాకుమారికి కట్టిన పట్టుచీర కుచ్చిళ్ళు సవరిస్తోంది. పెదవుల మధ్య సేఫ్టీ పిన్నులు పట్టుకుని ఉంది. పెళ్ళికూతురి తల్లి వేషం కాబట్టి చీర బరువైనది, జరీ అంచు గట్టిది. ఒక్కో కుచ్చిని వేళ్ళతో ఒత్తి, నేలకు సమంగా పట్టి, లోపలి వైపు నుంచి పిన్ను పెట్టాలి. మండపం సెట్టులో లైట్లు సిద్ధమయ్యాయనీ, మేడం రావాలనీ అసిస్టెంట్ డైరెక్టరు తలుపు కొట్టి చెప్పి వెళ్ళాడు. అనసూయమ్మ తొందరగా లేవబోయింది. వెనకున్న ఇనప ట్రంకు మూల ఆమె ఎడమ కాలి చీలమండకు రాసుకుంది. గీసుకుపోయిందేమో అనుకుని, నిలబడి పైట మడతలు చూడసాగింది. కాసేపటికి పాదం కింద వెచ్చగా, జిగటగా అనిపించింది. ఎవరో టీ ఒలకబోశారనుకుంది.

లీలాకుమారే ముందు చూసింది. అద్దంలో కాక నేల మీదికి చూసింది. ఆమె నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. చీర రెండు చేతులతో ఎత్తి పట్టుకుని సోఫా మీదికి ఎక్కి, కాళ్ళు ముడుచుకుని మూలకు ఒదిగిపోయింది. అప్పుడు అనసూయమ్మ వంగి చూసుకుంది. చీలమండ పక్కనుంచి రక్తం సన్నటి దారంలా ఎగజిమ్ముతోంది. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వస్తోంది. ఆగడం లేదు.

కేక విని కాస్ట్యూమ్ డిజైనర్ గీతిక పరిగెత్తుకొచ్చింది. ఎవరు కేక వేశారో అనసూయమ్మకు తెలియదు. తను మాత్రం కాదు. గీతిక తలుపు దగ్గరే ఆగి, ముందు సోఫా వైపు చూసి, "చీర పైకెత్తండి మేడం, అంచుకు తగులుతుంది," అంది. ఆ తర్వాతే కిందికి చూసింది.

షూటింగు దగ్గరుండే అంబులెన్సు నుంచి నర్సు వచ్చి అనసూయమ్మను నేల మీదే వెల్లకిలా పడుకోబెట్టింది. కాలెత్తి ట్రంకు మీద పెట్టి, గుడ్డ మడిచి బలంగా అదిమింది. పైకప్పుకున్న చిన్న చిన్న బల్బులను చూస్తూ పడుకుంది అనసూయమ్మ. తన ఒంట్లోంచి ఇంత రక్తం నొప్పి లేకుండా పోగలదన్న సంగతి ఆమెకు మింగుడు పడలేదు. నొప్పి ఉంటే నయమనిపించింది. కాసేపటికి రక్తం ఆగింది. నర్సు కట్టు కడుతూ, చీర కొంచెం పైకి జరిపి మోకాలి దాకా చూసింది. పిక్కల మీద వానపాముల్లా మెలికలు తిరిగిన నరాలు, చీలమండ చుట్టూ నల్లబడ్డ చర్మం కనిపించాయి. ఇన్నేళ్ళు ఏం చేస్తున్నావని అడిగింది. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటున్నానని చెప్పింది అనసూయమ్మ. పొద్దున్నుంచి ప్యాకప్ దాకా నిలబడి చేసే పని, కాస్ట్యూమ్స్ వాళ్ళు సెట్లో కూర్చోవడమన్నది లేదు.

"ఉబ్బిన నరం పగిలింది," అంది నర్సు. "ఈరోజు నలుగురి మధ్య పగిలింది కాబట్టి సరిపోయింది. నిద్రలో పగిలితే తెలియదు కూడా. రేపే డాక్టరుకు చూపించుకో."

ఆ మాట అన్నప్పుడు లీలాకుమారి ఇంకా సోఫా మూలనే ఉంది. మేకప్ కింద ఆమె మొహం పాలిపోయిందని అనసూయమ్మ గమనించింది. తన వల్ల మేడం దడుచుకుందని సిగ్గుపడింది కూడా.

నిద్రలో పగిలితే తెలియదు కూడా. ఆ మాట ఆమెతోపాటు ఆటో ఎక్కి ఇంటికొచ్చింది.

ఫిల్మ్ నగర్ బస్తీలో, బండల మధ్య కట్టిన మెట్ల చివర వాళ్ళ గది. కూతురు ఉదయశ్రీ జూబ్లీహిల్స్‌లో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి కట్టు చూసి, పొద్దున్నే ఆసుపత్రికి పోదామంది. అనసూయమ్మ ఒప్పుకోలేదు. ఆసుపత్రి అంటే ఆమెకు అక్క రాజమ్మ గుర్తొస్తుంది. రాజమ్మకూ ఇవే నరాలు. చాలా ఏళ్ళ కింద ఆపరేషన్ చేశారు. గజ్జల దగ్గర కోసి, చీలమండ దగ్గర కోసి, నరాన్ని లోపలి నుంచి లాగేశారు. నడుం కింద మత్తు సగమే ఎక్కిందని రాజమ్మ చెప్పేది. "గుంజుతుంటే నాకు తెలుస్తనే ఉన్నది అనసూయా, బట్టలకెళ్ళి దారం గుంజినట్టు," అన్న ఆమె మాట అనసూయమ్మకు ఇప్పటికీ బట్టలు కుట్టేటప్పుడు గుర్తొచ్చి సూది చేతిలోనే ఆగిపోతుంది.

పడుకునేటప్పుడు కాలు కింద రెండు దిండ్లు పెట్టుకుంది. వాటి మీద తెల్ల తువ్వాలు పరిచింది, ఎర్రగా అయితే కనిపిస్తుందని. నిద్ర పట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి తువ్వాలు తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచింది. తెల్లవారేసరికి కళ్ళు మండుతున్నాయి. తలుపు తీసి వెలుతురులో మరోసారి చూసుకున్నాకే ఊపిరి పీల్చుకుంది.

పనికి పోదామని చీర కట్టుకుంటుండగా గీతిక ఫోన్ చేసింది. ఒళ్ళెలా ఉందని అడిగి, విశ్రాంతి తీసుకోమనీ, ఈ షెడ్యూలు అయ్యేదాకా రానక్కర్లేదనీ, వేరే అమ్మాయిని పెట్టుకున్నామనీ చెప్పింది. కట్టు బాగానే ఉంది, నిలబడగలనంది అనసూయమ్మ. గీతిక కొంచెం తటపటాయించి, పైనుంచి చెప్పారమ్మా అని ఫోన్ పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం బస్తీ మొదట్లో ఒక కారు ఆగింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తల మీదికి పైట లాక్కుని, లీలాకుమారి మెట్లెక్కి వచ్చింది. తెర మీద చూసే మనిషి తమ గుమ్మంలో నిలబడితే చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. గదిలో ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది అనసూయమ్మ. లీలాకుమారి కూర్చోలేదు. తనకు తెలిసిన మంచి డాక్టరున్నాడనీ, జూబ్లీహిల్స్‌లోనే క్లినిక్ అనీ, ఇప్పుడు కోతలు లేవనీ, ఖర్చంతా తనదేననీ గబగబా చెప్పింది.

"ఇవాళే పోదాం అనసూయా. నేను కూడా వస్తాను," అంది.

అనసూయమ్మ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఆమె లీలాకుమారికి చీర కట్టింది, విప్పింది, ఇస్త్రీ చేసింది. ఏ మాటైనా చీర గురించే. ఇలా తన కోసం మెట్లెక్కి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. భయమని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పులు వేసుకుంది.

క్లినిక్ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. డాక్టర్ వరప్రసాద్ నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. స్కాన్ పడుకోబెట్టి చేయరట, నిలబెట్టే చేస్తారట. అనసూయమ్మ చిన్న ఎత్తుపీట మీద నిలబడి ఇనప కమ్మీ పట్టుకుంది. ఆయన స్టూలు మీద కూర్చుని చల్లటి జిగురు రాసి, తొడ నుంచి కిందికి యంత్రం ముక్క జరుపుతూ పోయాడు. పిక్క నొక్కి వదిలినప్పుడల్లా యంత్రంలోంచి హోరుమని చప్పుడు వచ్చింది. అది తన రక్తం చప్పుడని తెలిసి ఆమె ఒళ్ళు జలదరించింది.

రక్తం పాదం నుంచి గుండెకు పైకి పోవాలి, దారిలో చిన్న చిన్న తలుపుల్లాంటివి ఉంటాయి, అవి పాడైతే పైకి పోయింది మళ్ళీ కిందికి జారి నరాలు ఉబ్బుతాయి అని చెప్పాడు డాక్టరు. ఇదివరకైతే ఆ నరాన్ని కోసి లాగేసేవారు. ఇప్పుడు మోకాలి దగ్గర సూది పట్టేంత రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, లేజర్ వేడితో నరాన్ని లోపలే మూసేస్తారు. రేడియో తరంగాల వేడితోనూ మూయవచ్చు, కొందరికి ఒక రకం జిగురుతోనూ అతికిస్తారు. చిన్న నరాలకు నురుగులాంటి మందు ఎక్కిస్తే చాలు. ఈమె పెద్ద నరానికి లేజర్, చీలమండ దగ్గర పగిలిన చోట నురుగు మందు సరిపోతాయన్నాడు. పూర్తి మత్తు ఉండదు, కాలికి మాత్రమే. అయిన వెంటనే లేచి నడవాలి, అదే రోజు ఇంటికి పోవచ్చు.

ఆ తర్వాత ప్రశ్నలన్నీ లీలాకుమారే అడిగింది. మెలకువగా ఉండాలా, తీగ లోపలికి పోతుంటే తెలుస్తుందా, మచ్చలు పడతాయా, ఎన్నాళ్ళకు నిలబడి పనిచేయవచ్చు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం చేస్తారు. చివరి ప్రశ్న వినేదాకా అలాంటిదొకటి ఉందని అనసూయమ్మకు తెలియదు. అది చాలా అరుదనీ, అందుకే నడవమంటామనీ, కమిలిన మరకలూ కొన్నాళ్ళ బిగుతూ ఒకోసారి కొంత తిమ్మిరీ మామూలేననీ డాక్టరు చెప్పాడు. అయినా ఆ అరుదైన మాటే ఆమె గుండెలో దిగబడింది.

మీరేమైనా అడుగుతారా అమ్మా అని ఆయన తన వైపు తిరిగితే ఒక్కటే అడిగింది.

"నరం మూసేస్తే రక్తం ఎట్ల పోతది సారూ?"

"లోపల పెద్ద నరాలు ఉన్నాయమ్మా. ఎక్కువ పని అవే చేస్తాయి. పాడైన దాన్ని మూసేస్తే రక్తం వాటిలోంచి పోతుంది, వాటికి భారం తగ్గుతుంది."

ఒక రోజు ఆగి రమ్మన్నారు. ఆ రోజంతా అనసూయమ్మ పనులు వెతుక్కుంది. ఉతికిన బట్టలే ఉతికింది. పోతే తిరిగి వస్తానో రానో అనుకుని బియ్యం డబ్బా, ఉప్పు, కారం ఎక్కడున్నాయో ఉదయశ్రీకి మళ్ళీ చూపించింది. నాకు తెల్వదా అమ్మా అని కూతురు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఊరుకుంది.

ఆపరేషన్ గదిలో ఆకుపచ్చ గుడ్డల కింద ఆమె కాలొక్కటే బయట ఉంది. ఆ కాలు తనది కాదన్నట్టు తల పక్కకు తిప్పుకుంది. లేజర్ నుంచి రక్షణగా అందరికీ కళ్ళద్దాలిచ్చారు, ఆమెకు కూడా. లీలాకుమారి పట్టుబట్టి లోపలికి వచ్చింది. నీలం గౌను వేసుకుని తల దగ్గర నిలబడి అనసూయమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతికంటే చల్లగా ఉంది.

మోకాలి దగ్గర చిన్న పోటు, తర్వాత ఏదో లోపలికి జారుతున్న అనుమానం. నొప్పి కాదు, అనుమానమే. రాజమ్మ చెప్పిన దారం గుర్తొచ్చింది. అనసూయమ్మ పళ్ళు కరుచుకుంది. నరం పొడవునా మత్తునీళ్ళు ఎక్కిస్తున్నామని, కొన్ని పోట్లు ఉంటాయని డాక్టరు ముందే చెప్పాడు. అవి తొడ పొడవునా ఒకదాని పైన ఒకటి వస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. కాలు మంచులో పెట్టినట్టయింది.

"ఇప్పుడు నొప్పిగా ఉందా?" లీలాకుమారి వంగి అడిగింది. "ఇది ఎలా ఉంది? మంటా, పోటా?"

అనసూయమ్మ తల ఊపింది. దేనికి ఊపిందో ఆమెకే తెలియదు. యంత్రం కీచుమంటూ మొదలైంది. తొడలో ఎక్కడో లోతున వెచ్చదనం, అది మెల్లగా కిందికి వస్తోంది. నోట్లో ఏదో కాలిన రుచి వచ్చింది. చచ్చిపోవడం ఇట్లనే ఉంటదేమో అనుకుంది. లీలాకుమారి మళ్ళీ అడిగింది, మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి డాక్టరే, ఆవిడను కాసేపు వదిలేయండి మేడం అన్నాడు. కాసేపటికి యంత్రం ఆగింది. చీలమండ దగ్గర సన్న సూదితో నురుగు మందు ఎక్కించారు. అయిపోయిందమ్మా అన్నారు. అయిపోయిందంటే ఆమె నమ్మలేదు.

బిగుతైన మేజోడు తొడ దాకా ఎక్కించి నర్సు ఆమెను లేపి నిలబెట్టింది. నేల కాలికి తగిలింది. కాలు నిలబడింది. వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఉండమన్నారు. అనసూయమ్మ గోడ పక్కనే మెల్లగా నడిచింది. మూలదాకా పోయి తిరిగి వస్తుంటే కౌంటరు దగ్గర లీలాకుమారి వీపు కనిపించింది. కౌంటరులో అమ్మాయి అడుగుతోంది, మేడం, మీది ఎప్పటికి రాసుకోమంటారు, పోయినసారి టేబుల్ మీద నుంచి లేచి వెళ్ళిపోయారు, డాక్టరు గారు అడుగుతున్నారు అని.

"ముందు ఆవిడకు ఎలా ఉంటుందో చూసి చెప్తానన్నాను కదమ్మా," అంది లీలాకుమారి.

అనసూయమ్మ ఆగిపోయింది. తర్వాత, ఆగకూడదని చెప్పారు కాబట్టి, వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది.

కారులో ఇంటికొస్తుంటే లీలాకుమారి బిగుతుగా ఉందా, ఊపిరి బాగా ఆడుతోందా అని అడుగుతూనే ఉంది. మంచిగనే ఉన్న మేడం అని ఒక్కటే జవాబు చెప్పింది అనసూయమ్మ. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెద్ద పెద్ద గేట్లు, వాటి మీద పడ్డ కాగితపు పూలు, గేటు పక్క స్టూళ్ళ మీద కూర్చున్న కాపలావాళ్ళు వెనక్కి పోతున్నారు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వాపుందా? రంగేమైనా మారిందా? ఛాతీలో పట్టినట్టు ఉందా? ఎలా ఉన్నావని మాత్రం అడగదు. ఆ ప్రశ్నలు వినీ వినీ అనసూయమ్మ తన ఊపిరిని తనే కనిపెట్టుకుని ఉండటం నేర్చుకుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూడా గడ్డ పైకి పోతున్నట్టే అనిపించేది. గుండె దడదడలాడితే గోడకానుకుని, ఉదయశ్రీ ముందు ఏమీ కానట్టు ముంగురులు సర్దుకునేది. డాక్టరు చెప్పినట్టు రోజూ బస్తీ కింది దాకా నడిచి వచ్చేది. తొడ లోపల తాడు బిగించినట్టుండేది. పసుపూ ఊదా కలిసిన మరకలు తేలాయి. కాని చీలమండ పొడిగా ఉంది. తువ్వాలు తెల్లగానే ఉంది.

మళ్ళీ స్కాన్ చేసి నరం మూసుకుపోయిందని, లోపల గడ్డలేమీ లేవని డాక్టరు చెప్పాక ఆమె గీతికకు ఫోన్ చేసింది. వచ్చే షెడ్యూలుకు వస్తానంది. గీతిక ఇబ్బంది పడుతూ మాట్లాడింది. "నాకేం అభ్యంతరం లేదమ్మా. నేనెప్పుడు వద్దన్నాను? లీలాకుమారి మేడమే చెప్పారు, మీరుంటే షాట్ చేయలేనని. ఆవిడ సరేనంటే రేపే రండి."

అనసూయమ్మ ఫోన్ పెట్టేసింది. సాయంత్రం కూతురికి రెండు సంగతులూ చెప్పింది, కౌంటరు దగ్గర విన్నదీ, ఇప్పుడు విన్నదీ. ఉదయశ్రీ దువ్వుతున్న దువ్వెన పక్కన పెట్టింది.

"ఆ మేడంకు పాణం పోయినంత పనైందని చెప్పు. రాత్రంత నొప్పికి ఒర్రిన అని చెప్పు. మల్ల ఆ దవాఖాన గడప తొక్కది," అంది.

ఆ మాట అనసూయమ్మకు తియ్యగా తోచింది. ఒక్క అబద్ధం చాలు. ఆ మనిషి జీవితాంతం భయపడుతూ బతుకుతుంది, తను తువ్వాలు తడుముకున్నట్టు తడుముకుంటూ.

మర్నాడు లీలాకుమారే వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. మెట్లెక్కినందుకు రొప్పుతోంది. ఉదయశ్రీ పలకరించకుండా తలుపు పక్క నిలబడింది. అప్పుడు లీలాకుమారి వంగి చీర కుచ్చిళ్ళు పక్కకు తీసి, ఒంటిరంగు మేజోడు మెల్లగా కిందికి చుట్టుకుంటూ వచ్చింది. ఇన్ని సినిమాల్లో ఆమెకు చీర కట్టిన అనసూయమ్మ ఆ కాలు ఎన్నడూ చూడలేదు. ఆమె ఎప్పుడూ లోపలివన్నీ వేసుకుని వచ్చి నిలబడేది, అదొక అలవాటనుకుంది. పిక్క అంతా ముళ్ళు పడ్డ తాళ్ళలా ఉంది. చీలమండ దగ్గర చర్మం ఉల్లిపొరలా పలచబడి, లోపల నీలంగా ఒక బొడిపె మెరుస్తోంది. తనకు పగిలినదాని కంటే పెద్దది.

"నొప్పి పుట్టిందా అనసూయా? నా కోసం చెప్పకు. నిజం చెప్పు."

కూతురు తన వైపే చూస్తోందని అనసూయమ్మకు తెలుసు. అబద్ధం నాలుక మీదే ఉంది. ఆమె కళ్ళు మాత్రం ఆ నీలం బొడిపె మీదే ఉన్నాయి. ట్రంకు మూల తగలడం, పాదం కింద వెచ్చదనం, పైకప్పు బల్బులు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాయి.

"మత్తు సూదులే నొప్పి," అంది. "తొడ పొంటి పొడుసుకుంట పోతరు. గప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత లోపల జర వేడి, నోట్లె కాలిన రుచి. గంతే. నరం గుంజినట్టు లేదు. మల్లొచ్చి నాల్గొద్దులు తొడల తాడు బిగిసినట్టుంటది. ఇప్పటికి ఉన్నది. కని నడుస్తున్న."

లీలాకుమారి కళ్ళు మూసుకుని విన్నది. మేజోడు పైకి లాక్కోబోతుంటే అనసూయమ్మ అంది.

"నన్ను ముందు పంపి చూసిండ్రు."

లీలాకుమారి చేతులు ఆగిపోయాయి. "అవును," అంది.

"పనిలకు రావద్దన్నది గూడ మీరే."

"నిన్ను తలుచుకుంటే ఆ రక్తమే కనపడేది. ఆ సాయంత్రమే షాట్‌లో మాట మర్చిపోయాను, అందరి ముందూ. నాకు భయమేసింది అనసూయా. టేబుల్ మీద నుంచి లేచి పారిపోయినదాన్ని నేను. ఎవరికైనా చేయించి చూస్తే తప్ప…" మాట పూర్తి చేయలేదు.

"నేను గూడ భయపడ్డ మేడం," అంది అనసూయమ్మ. గొంతు పెంచలేదు. "ఇయ్యాల్టికి భయమే. నాకెవరున్నరు ముందు పంపనీకి?"

తెర మీద ఎంత ఏడుపైనా ఏడ్చే మనిషి, ఇక్కడ కన్నీళ్ళు కూడా రాక, మేజోడు సగం ఎక్కించుకుని కూర్చుండిపోయింది. తర్వాత లేచి గోడ పట్టుకుని మెట్లు దిగింది. తన ఆపరేషన్ ఏ రోజు, ఎన్ని గంటలకో కింద నుంచి చెప్పింది. రమ్మని అడగలేదు.

ఉదయశ్రీ పోవద్దంది. అనసూయమ్మ కూడా పోనుగాక పోననుకుంది. ఆ రోజు పొద్దున్నే నడకకని కిందికి దిగి, బస్తీ దాటి, జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డు పట్టింది. కాలు కొంచెం లాగుతోంది. క్లినిక్ గేటు కనిపించాక గానీ తను ఎక్కడికి వస్తున్నదీ ఒప్పుకోలేదు.

ఆపరేషన్ గదిలోకి రానిచ్చారు. ఆకుపచ్చ గుడ్డల కింద ఈసారి లీలాకుమారి కాలు ఉంది. మేకప్ లేని మొహం చిన్నదైపోయింది. డాక్టరు సూది తీసుకోగానే ఆమె మోచేతుల మీద లేచింది.

"వద్దు డాక్టరు గారూ. ఇంకో రోజు చూద్దాం."

ఆయనకిది కొత్త కానట్టుంది, చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డాడు. నర్సు గుడ్డలు తీయడానికి వంగింది. లీలాకుమారి తలుపు వైపు చూసింది. అక్కడ అనసూయమ్మ ఉంది. ఈ మనిషి వణకడం చూస్తే తృప్తిగా ఉంటుందని దారిలో అనుకుంది. ఇక్కడికొచ్చాక ఆ సూదిని మళ్ళీ చూడటానికి తనకే ధైర్యం చాలడం లేదు. అయినా తల దగ్గరికి వెళ్ళింది. చేతులకేం చేయాలో తోచక, నలిగిన ఆకుపచ్చ గుడ్డ అంచును వేళ్ళతో ఒత్తి మడత సరిచేసింది.

"లేస్తే లెవ్వండి," అంది. "నేను ఇంటికి పోత. కని అది పగుల్తది మేడం. మీరు నిద్రల ఉన్నప్పుడు పగిలితే ఎవరికి తెల్వది."

లీలాకుమారి సూది వైపు చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి వాలింది.

"చెప్తూ ఉండు," అంది. "ఏది వచ్చేదీ ముందే చెప్పు."

అనసూయమ్మ చెప్పింది. ఇప్పుడు మోకాలి కాడ చిన్నగ పొడుస్తరు. ఇప్పుడు లోపల జారినట్టుంటది, నొప్పి ఉండది. ఇగో, ఇప్పుడొచ్చేటియే సూదులు, గట్టిగ ఊపిరి తీసుకోండి. చెప్తుంటే ఒక్కొక్కటీ తన తొడలోనూ మళ్ళీ జరుగుతున్నట్టుంది. నుదుట చెమట పట్టింది. లీలాకుమారి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. యంత్రం కీచుమన్నప్పుడు ఆమె పట్టుకున్న పట్టుకు అనసూయమ్మ గాజు ఒకటి చిట్లింది. అది ఎవరూ పట్టించుకోలేదు.

"ఇప్పుడు నోట్లె కాలినట్టొస్తది," అంది అనసూయమ్మ.

"వచ్చింది," అంది లీలాకుమారి.

"ఇగ అయిపోయింది. ఇంతకు మించి లేదు."

వరండాలో నడవమన్నారు. లీలాకుమారి గది గుమ్మం దగ్గర నిలబడి, చెయ్యి చాపి, ఎవరైనా పట్టుకుంటారని చూసింది. అనసూయమ్మ పట్టుకోలేదు.

"నడవండి. పడరు. నేను పడలే."

ఆమె ఒక అడుగు వేసింది. తర్వాత గోడ వదిలి ఇంకో అడుగు వేసింది. ఇద్దరూ వరండా చివరిదాకా వెళ్ళి తిరిగారు, ఒకరి వెనక ఒకరు. ఇద్దరూ ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నారు. కౌంటరు దగ్గరి అమ్మాయి తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడింది.

"సోమవారం సంది నేను పనిలకొస్తున్న," అంది అనసూయమ్మ. అడిగినట్టు లేదు ఆ మాట.

లీలాకుమారి నడుస్తూనే తల ఊపింది. గీతికకు తనే చెప్తానంది. కాసేపాగి, తప్పు చేశానంది, చాలా చిన్న గొంతుతో. అది వినాలని అనసూయమ్మ ఇన్ని రోజులు అనుకుంది. విన్నాక ఏం చేయాలో తెలియలేదు.

"కోపం పోలేదు కదా?"

"పోలే."

మూల తిరిగాక వరండా పొడుగ్గా, ఖాళీగా కనిపించింది. లీలాకుమారి నడక నెమ్మదించింది. ఆమె భుజాలు బిగుసుకోవడం వెనకనుంచి తెలిసింది. తల తిప్పే ధైర్యం లేక ముందుకే చూస్తూ అడిగింది.

"వెనక ఉన్నావా?"

"ఉన్న," అంది అనసూయమ్మ. "నడవండి."